తలుపు మీది నల్లగుడ్డ

"ప్రార్థన చేసుకుంటూ పోయినవాడికి గోళ్లెందుకు విరుగుతాయి బాబూ?"

ఆ మాట అడిగిన ముసలావిడ కూర్చోమన్నా కూర్చోలేదు. డిటెక్టివ్ గుమాస్తా ఇచ్చిన మంచినీళ్లు పుచ్చుకుంది గానీ తాగలేదు. ఆవిడ అన్న ముప్పై ఏళ్లుగా కొండమీది క్రైస్తవ మఠంలో సన్యాసి. అక్కడి తేనెపెట్టెలన్నీ ఆయనే చూసుకునేవాడు కాబట్టి అందరూ తేనె బ్రదర్ అనేవారు. కిందటి గురువారం ఆయన ప్రశాంతంగా కన్నుమూశాడని మఠం నుంచి కబురొచ్చింది. సమాధి చేసేముందు ఈవిడ అన్న చెయ్యి పట్టుకుని చూసింది. నాలుగు గోళ్లు మొదలంటా విరిగి ఉన్నాయి. పెదవులు ఎండి పగిలిపోయాయి. డాక్టరు మాత్రం వయసు మీదపడిందని రాసి చేతులు దులుపుకున్నాడు.

"పోయాడని కాదు నా ఏడుపు. డెబ్బై రెండేళ్లు బతికాడు. ప్రశాంతంగా పోయాడా లేదా? అది తెలియకపోతే నా కళ్లు మూతపడవు."

డిటెక్టివ్ లేచి గొడుగు చంకలో పెట్టుకున్నాడు. ఎండైనా వానైనా ఆయనకా గొడుగు ఉండాల్సిందే. అది కదిలిందంటే కేసు ఒప్పుకున్నట్టేనని గుమాస్తాకు తెలుసు.

మఠాధిపతి ఒక కంటికి ఆకుపచ్చ పట్టీతో ఎదురొచ్చాడు. కంటి వైద్యానికి సోమవారం పొద్దున్నే పట్నం వెళ్లి, గురువారం మధ్యాహ్నం తిరిగొచ్చానన్నాడు. వస్తూనే తేనె బ్రదర్ తలుపు మీద నల్లగుడ్డ చూశాడట.

"నల్లగుడ్డ అంటే?"

"శిక్షకు గుర్తు. తప్పు చేసినవాడి తలుపుకు కడతాం. మూడు రోజులు అతను బయటికి రాకూడదు. వాకిట్లో రొట్టె, నీళ్లు పెడతారు. అతనేం మాట్లాడినా, ఏడ్చినా ఎవరూ బదులివ్వకూడదు. ఆ గుడ్డ ప్రార్థన గదిలో మేకుకు వేలాడుతుంది. నేను తప్ప ఎవరూ ముట్టరు."

"అయితే మీరే కట్టారా?"

"నేను కట్టలేదు." మఠాధిపతి కంటిపట్టీ సర్దుకున్నాడు. "తలుపు తీస్తే నేలమీద ఉన్నాడు. ఒక కాలు పక్కకు తిరిగిపోయి ఉంది. దగ్గరే ముక్కాలిపీట బోర్లా పడి ఉంది."

డిటెక్టివ్ ఆ గది తలుపు లోపలి వైపు చూశాడు. మోకాలి ఎత్తు వరకే గీరిన గుర్తులున్నాయి. లోపల్నుంచీ బయట్నుంచీ తీయగలిగే గడియ భుజం ఎత్తున ఉంది. తలుపు కింద మూడు వేళ్లు పట్టేంత సందు. గుమాస్తా ఆ గీతల్ని చూసి ముఖం తిప్పుకున్నాడు.

"మీరు బయల్దేరేటప్పుడు ఆయన ఏమైనా అన్నారా ఫాదర్?"

"'మీరు తిరిగొచ్చాక ఒక మాట చెప్పాలి, ఈ మఠంలో జరుగుతున్న మోసం గురించి' అన్నాడు. నాకు బండి వేళ అయిపోతోంది. సరేనని వెళ్లిపోయాను."

"అప్పుడు పక్కన ఎవరున్నారు?"

"నా పెట్టె మోస్తూ ఉపవాసాల బ్రదర్ ఉన్నాడు."

ఉపవాసాల బ్రదర్ పేరు కొండ కింద కూడా మోగిపోతోంది. నలభై రోజులు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టనని దీక్ష పట్టాడు. అది ముప్పయ్యారో రోజు. ఆయన్ని చూడ్డానికి జనం గేటు దగ్గర బారులు తీరి ఉన్నారు. గుమాస్తాకు కూడా కాళ్లకు దండం పెట్టాలనిపించింది. తోలు బెల్టు చిట్టచివరి రంధ్రం దాకా బిగించి, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడాయన.

"పక్కగది మీదేగా? ఏమైనా వినిపించిందా?"

"శిక్షలో ఉన్నవాడి గొంతు మేం చెవిన వేసుకోం."

బయటికొచ్చాక డిటెక్టివ్ అడిగాడు. "ఆ బెల్టు చూశావా?"

"చూశాను సార్. పాపం, ఎంత చిక్కిపోయారో!"

"చివరి రంధ్రం కొత్తగా నిగనిగలాడుతోంది. దానికి రెండు రంధ్రాల ఇవతల ఉన్నదేమో సాగి నల్లబడి ఉంది. మనం వస్తున్నామని బిగించాడు, అంతే." గుమాస్తా నాలుక కరుచుకున్నాడు.

వంటవాడు కూడా సన్యాసే. పిండి చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు, అవి ఎప్పుడో శుభ్రపడినా.

"సోమవారం పదింటికి తేనె బ్రదర్‌ని తోటలో చూశానండీ. మధ్యాహ్నం భోజనాలయ్యాక గుడ్డ కనిపించింది."

"మఠాధిపతి పొద్దున్నే వెళ్లిపోయారుగా. మరి ఎవరు కట్టారని అడగలేదా?"

"గుడ్డ ఉంటే అడగం సార్. అది మా నియమం. ఫాదర్ ఎవరికో చెప్పి వెళ్లుంటారనుకున్నాం."

"రొట్టె సంగతి చెప్పండి."

"మంగళవారం తెల్లవారగానే రొట్టె, నీళ్లకూజా తలుపుకి ఆనించి పెట్టాను. గంటన్నర పోయాక వెళ్తే రొట్టె లేదు. తిన్నాడులే అని సంతోషించాను. కూజా మాత్రం మూరెడు దూరం జరిగి ఉంది. నీళ్లు నిండుగానే ఉన్నాయి. దగ్గర పెట్టొద్దంటున్నాడేమోనని తర్వాతి రెండు రోజులూ అక్కడే పెట్టాను. బుధవారం రొట్టె, గురువారం రొట్టె అలాగే ఉండిపోయాయి. ఉపవాసం పట్టాడు, ఎంత భక్తి అని మేమంతా అనుకున్నాం."

డిటెక్టివ్ గొడుగుతో తలుపు నుంచి ఆ మూరెడు దూరం కొలిచాడు. తర్వాత అందర్నీ భోజనశాలకు రమ్మన్నాడు.

మధ్యాహ్నపు ఎండ పొడవాటి బల్ల మీద పడుతోంది. పదకొండు మంది సన్యాసులు, మఠాధిపతి ఒకవైపు కూర్చున్నారు. ముసలావిడ ఎదురుగా కూర్చుంది.

"తేనె బ్రదర్ పీట మీంచి పడ్డారు, తుంటి విరిగింది," అన్నాడు డిటెక్టివ్. "లేవలేకపోయారు, గడియ అందలేదు. కేక వేస్తే పక్కగదిలోంచి ఒకాయన వచ్చాడు. చూశాడు. డాక్టరును పిలవాల్సినవాడు తలుపు మూసి, ప్రార్థన గదిలోంచి నల్లగుడ్డ తెచ్చి కట్టాడు. ఇంక ఆయన చెయ్యాల్సిందేమీ లేదు. మిగతాది మీరు చేశారు."

డిటెక్టివ్ గొడుగు బల్ల మీద పెట్టాడు.

"రొట్టె తీసుకున్నది లోపలి మనిషి కాదు. దాహంతో పోతున్నవాడు ముందు నీళ్లకోసం చూస్తాడు. లోపల్నుంచి వేళ్లతో కూజా తోసి పడేస్తే చాలు, సందులోంచి నీళ్లు లోపలికి పారేవి. అలా పారకూడదనే ఎవరో దాన్ని దూరం జరిపారు. పైగా రొట్టె మాయమైతే లోపలివాడు బాగానే ఉన్నాడని మీరంతా నమ్ముతారు. ఎలుక పనంటారా? ఎలుక కూజా జరపదు. ఈ ఇంట్లో అందరికీ రెండు పూటలా కడుపునిండా తిండి ఉంది. నీళ్లకు లోటు లేక, రొట్టెకు మాత్రం మొహం వాచినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆ దొంగతిండి సంగతి తేనె బ్రదర్ కంట పడింది. మఠాధిపతికి చెప్పబోయారు. అది పెట్టె మోస్తున్నవాడు విన్నాడు."

అందరి కళ్లూ ఉపవాసాల బ్రదర్ వైపు తిరిగాయి.

"నేనాయన్ని ముట్టుకోలేదు," అన్నాడు.

"నిజమే. ఒకటే అర్థం కాలేదు. మంగళవారం రొట్టె తీసుకున్నవాడివి బుధవారం ఎందుకు తీసుకోలేదు? ఆకలి తగ్గిందా?"

ఉపవాసాల బ్రదర్ బెల్టు మీద చెయ్యి వేసి, తీసేశాడు.

"మంగళవారం వంగి రొట్టె తీస్తుంటే తలుపు కిందనుంచి వేళ్లు బయటికొచ్చాయి. నా వేలు పట్టుకున్నాడు. వదల్లేదు. నేను... ఒక్కొక్కటే విడిపించుకున్నాను. మళ్లీ అక్కడికి పోబుద్ధి కాలేదు."

గుమాస్తా రాస్తున్న పెన్సిలు ఆగిపోయింది. మఠాధిపతి తల బల్లకు ఆనించి ఏడ్చాడు. డిటెక్టివ్ కబురుతో వచ్చిన పోలీసులు ఉపవాసాల బ్రదర్‌ని వెనక తలుపు గుండా తీసుకుపోయారు. ముందు గేటు దగ్గర ఆయన దర్శనం కోసం జనం ఇంకా నిలబడే ఉన్నారు.

కేసు అయిపోయిందనుకుని గుమాస్తా కాగితాలు సర్దుకున్నాడు. ముసలావిడ కదల్లేదు.

"మా అన్న గొంతు ఎంతమందికి వినబడింది?"

ఒక చెయ్యి లేచింది. తర్వాత ఇంకొకటి. చివరికి పది చేతులూ లేచాయి.

"ఏమని పిలిచాడు?"

వంటవాడు పిండి లేని చేతుల్ని మళ్లీ తుడుచుకున్నాడు.

"మా పేర్లమ్మా. అందరి పేర్లూ వరుసగా పిలిచాడు. మొదట పెద్దగా పిలిచేవాడు, తర్వాత మెల్లగా. నా పేరు రెండుసార్లు పిలిచాడు."

"నీ పేరు విన్నప్పుడు నువ్వేం చేశావు నాయనా?"



"మర్నాడు రొట్టె కాస్త పెద్దది పెట్టానమ్మా."