చౌల్దారీలో కలుపు వరి

డాక్టర్ రామ్‌ప్రసాద్‌ను చంపడానికి వాళ్లు పాము విషం వాడారు. అండమాన్‌లో వరిమడి గట్టు మీద ఒక మనిషి పడిపోయి, కాలి మీద రెండు గాట్లు ఉంటే ఎవరూ రెండో ప్రశ్న అడగరు. చౌల్దారీ ఊరివాళ్లూ అడగలేదు. సోమవారం పొద్దున్న ఏడింటికి ఆయన్ని నులకమంచం మీద రోడ్డు దాకా మోసుకొచ్చారు. అప్పటికే ప్రాణం లేదు.

రెండో ప్రశ్న అడిగినవాడు యుగంధర్. హెల్త్ ఇన్‌స్పెక్టర్‌నని నకిలీ ఐడీ కార్డు చూపించి పోర్ట్ బ్లెయిర్ మార్చురీలోకి వెళ్లాడు. భూతద్దం పెట్టి గాట్లు చూశాడు. రెండూ ఒకే లోతు. రెండూ నిటారుగా దిగాయి. కోరలు అలా దిగవు. సూదులే దిగుతాయి.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. పన్నెండేళ్ల సర్వీసులో అతను ఏ శవం దగ్గరా ఇలా కూర్చోలేదు. ఈ చావులో తన చెయ్యి ఉంది.

సునామీ తరవాత దక్షిణ అండమాన్‌లో చాలా పొలాల్లోకి సముద్రం వచ్చి కూర్చుంది. నీళ్లు వెనక్కి తీసినా మట్టి చౌడుబారిపోయింది. రైతులు పొలం వదిలేసి పట్నంలో కూలికి పోతుంటే, రామ్‌ప్రసాద్ ఆ చచ్చిన నేలకి గట్లు పోయించాడు. వాన నీటితో ఉప్పు కడిగించాడు. పచ్చిరొట్ట ఎరువుకి జీలుగ చల్లి కలియదున్నించాడు. ఇరవై ఏళ్లు కష్టపడి, ఉప్పునీటిలోనూ కంకి వేసే వరి రకం ఒకటి తీశాడు. దానికి పేరు కూడా పెట్టలేదు. ఎ-214 అంటే చాలనేవాడు.

ఆ విత్తనం మీద ఒక విదేశీ ముఠా కన్ను పడి రెండేళ్లయింది. యుగంధర్ పనిచేసే నిఘా శాఖ ఆ ముఠా లోపలికి ఒక మనిషిని పంపింది. కోడ్ నేమ్ ‘ఊద’. ఊద అనే కలుపు గడ్డి వరిలో వరిలాగే కనిపిస్తుంది కదా, అందుకని. ఊద పంపే మెసేజ్‌లు యుగంధర్ టేబుల్ మీదికే వచ్చేవి. కానీ ఆ మనిషి ఎవరో, ఆడో మగో అతనికి తెలీదు. చీఫ్‌కి ఒక్కడికే తెలుసు.

శుక్రవారం వచ్చిన మెసేజ్ చిన్నది. ‘పెద్దాయనకు నా మీద అనుమానం వచ్చింది. నిజం చెప్పేయనా?’

పెద్దాయనంటే రామ్‌ప్రసాద్. యుగంధర్ అది చీఫ్‌కి చూపించాడు. ముఠా నాయకుడు విక్టర్ దీవిలో కాలు పెట్టేదాకా ఎవరికీ తెలియకూడదన్నాడు చీఫ్. సీటుకి తిరిగొచ్చి యుగంధర్ ఒక్క మాట టైప్ చేశాడు. ‘వద్దు.’ తరవాత టీ తాగాడు కూడా.

మధ్యాహ్నం బ్రీఫింగ్ నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

“విక్టర్ దిగాడు,” అన్నాడు చీఫ్. “పక్షుల ఫోటోగ్రాఫర్‌గా. జంగ్లీఘాట్‌లో బోటు పెట్టుకున్నాడు.”

“ఊద?”

“కాంటాక్ట్ లేదు. నువ్వు చౌల్దారీ వెళ్లి ఊదని కలువు. సంకేత వాక్యం నీకు తెలుసు.”

“మనం చెప్పనిచ్చి ఉంటే ఆయన బతికేవాడు సార్.”

చీఫ్ ఫైలు మూశాడు. “బస్సు రెండింటికి,” అన్నాడు.

యుగంధర్ స్ప్రేయర్ మెకానిక్ వేషంలో వెళ్లాడు. వీపుకి తగిలించుకున్న ట్యాంకు కింది సగంలో నిజమైన కలుపు మందు, పై సగంలో రేడియో. శాఖ గ్యాడ్జెట్ల గురించి సినిమాలు చూసి ఊహించుకునేవాళ్లు ఆ ట్యాంకుని చూడాలి. తుష్నాబాద్ చేరేసరికి అది కారి అతని చొక్కా వీపంతా తడిపేసింది.

రామ్‌ప్రసాద్ ఇల్లు చౌల్దారీకి దగ్గర్లోని తుష్నాబాద్‌లోనే. ఆయన భార్య కనకలక్ష్మి గుమ్మంలో కూర్చుని ఉంది. సార్ దగ్గర స్ప్రేయర్లు బాగుచేసేవాణ్నని చెప్పి, యుగంధర్ పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. అతను పోర్ట్ బ్లెయిర్‌లోని షాదీపూర్‌లో పుట్టి పెరిగినవాడు. హిందీ కలిసిన ఈ దీవి తెలుగు అతని నోట సహజంగానే పలికింది. ఆవిడ వాళ్లాయన గురించి చాలాసేపు చెప్పింది. చివరికి సుష్మ దగ్గర ఆగింది.

సుష్మ ఆయన అసిస్టెంట్. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, బురదలో కూడా మాయని తెల్ల షర్టు. ఫారిన్ కంపెనీల వాళ్లతో పార్టీలకు వెళ్తుందని పరిశోధన స్టేషన్‌లో అందరూ చెప్పుకునేవారు. ఆయన మాత్రం పట్టించుకోలేదు. ఆరేళ్లుగా ఆమె మధ్యాహ్నం భోజనం ఆ ఇంట్లోనే.

“ఆదివారం ఆ పిల్లని పిలిచి అడిగారు, గోదాం తాళానికి డూప్లికేట్ ఎందుకు చేయించావ్ అని,” అంది కనకలక్ష్మి. “సారా దిన్ అడిగారు భయ్యా. అది తలొంచుకునే ఉంది. జవాబ్ హీ నహీ. ‘నిన్ను నా కూతురనుకున్నాను, ఇంక నా మడిలో అడుగు పెట్టకు’ అనేశారు. అది వెళ్లాక అన్నం ముట్టలేదు. తెల్లారి గోదాంలో బస్తాలేవో చూస్తానని వెళ్లారు. అంతే.”

యుగంధర్ తల ఎత్తలేకపోయాడు. తలొంచుకుని కూర్చున్న ఆ అమ్మాయి ఎవరో అతనికి సగం అర్థమైంది. కాకపోతే బాగుండుననుకున్నాడు.

మంగళవారం పొద్దున్న సుష్మ చౌల్దారీ ట్రయల్ ప్లాట్ గట్టు మీద ఒక్కతే ఉంది. పెద్దాయన పడిపోయిన చోట గడ్డి ఇంకా అణిగే ఉంది. యుగంధర్ ట్యాంకు దించి, నాజిల్ తుడుస్తూ, పొలంలోకి చూస్తూ అడిగాడు.

“దీదీ, ఊదకి మందేంటి?”

సుష్మ అతని వైపు తిరిగింది. “మందు లేదు. చేత్తో పీకటమే.”

సంకేతం కుదిరింది. ఆమె నల్ల కళ్లద్దాలు తీసింది. రెండు రోజులుగా నిద్రలేని కళ్లు.

“మెసేజ్‌లు చూసేది నువ్వేనా?”

“నేనే.”

“శుక్రవారం జవాబు ఇచ్చింది?”

“అదీ నేనే.”

ఆమె అతన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. “ఇంక నా మడిలో అడుగు పెట్టకు. నాతో ఆయన చివరి మాట అదీ,” అంది. “ద్రోహి అనుకునే పోయారు.”

తరవాత ఇద్దరూ పని మాట్లాడుకున్నారు. అసలు విత్తనం నీలం డ్రమ్ములో సీల్ చేసి విక్టర్ బోటులో ఉంది. గోదాంలో ఉన్న తొమ్మిది బస్తాల్లో ఉన్నది వాళ్లు తెచ్చిన కలుపు వరి; అది కనిపెట్టేశాడనే పెద్దాయన్ని చంపారు. చూపుకి అచ్చం వరే. మొలక వరే, ఆకు వరే. కంకి పండకముందే గింజ రాల్చేసి మట్టిలో దాక్కుంటుంది. వరి జాతే కాబట్టి, వరిని బతకనిచ్చే ఏ మందూ దాన్ని చంపదు. దాన్ని చంపే మందు, ఆ మందుకి తట్టుకునే వరి రెండూ విక్టర్ వాళ్ల కంపెనీ దగ్గరే ఉన్నాయి. ఒక్కసారి ఈ మళ్లలో పడితే, రామ్‌ప్రసాద్ ఇరవై ఏళ్లు కడిగిన నేల వాళ్ల చేతికి పోతుంది. దీవి తరవాత సముద్రానికి ఆవల ఉన్న మన తీరం పొలాలు.

బుధవారం రైతు సదస్సు. పదకొండింటికి ముఖ్య అతిథి తొలి గుప్పెడు నారుమడిలో చల్లుతాడు. సరిగ్గా అదే సమయానికి విక్టర్ బోటు కదులుతుంది. సుష్మ మీద విక్టర్‌కి కూడా పూర్తి నమ్మకం లేదు. అందుకే ఆమెనూ బోటులో తీసుకెళ్తున్నాడు. సదస్సులో అతని మనిషి ఒకడు కెమెరాతో కాపలా ఉంటాడు. ముందే ఏదైనా తేడా వస్తే ఫోన్ వెళ్తుంది, డ్రమ్ము సముద్రంలో పడుతుంది. కోస్ట్ గార్డ్ ఆ బోటు ఎక్కిన మరుక్షణం ఆమె గడియారంలోంచి యుగంధర్ ట్యాంకుకి సిగ్నల్ వస్తుంది. అప్పటిదాకా అతను కదలకూడదు.

“సిగ్నల్ ఆలస్యమైతే?” అన్నాడు యుగంధర్.

“ఒక్క గింజ కూడా నేల మీద పడకూడదు. నా కోసం ఆగకు.”

“సుష్మా—”

“ఈసారి నేను పర్మిషన్ అడగటం లేదు,” అంది. కళ్లద్దాలు పెట్టుకుని గట్టు దిగి వెళ్లిపోయింది.

బుధవారం చౌల్దారీలో షామియానా, మైకు, ప్లాస్టిక్ కుర్చీలు. స్టేజీ పక్కన రామ్‌ప్రసాద్ ఫోటోకి దండ వేశారు. ఆయన జీవితమంతా మట్టికి అంకితమని ఒక అధికారి హిందీలో చెప్పి, ఆ తొమ్మిది బస్తాల వైపు చెయ్యి చూపించాడు. మూడో వరసలో కెమెరా మెళ్లో వేసుకున్నవాడు ఫోటోలు తియ్యటం లేదు. జనాన్ని చూస్తున్నాడు.

యుగంధర్ నారుమడి పక్కన నిలబడి ఉన్నాడు, వీపున ట్యాంకుతో. సిగ్నల్ వస్తే పట్టీ కొద్దిగా వణుకుతుంది. పదకొండు దాటి ఐదు నిమిషాలైంది. పట్టీ వణకలేదు.

బస్తా మూతి విప్పారు. ముఖ్య అతిథి చెప్పులు విడిచి, పంట్లాం మడుచుకుని బురదలో దిగాడు. గుప్పెడు గింజలు తీసుకున్నాడు. రైతులు చప్పట్లు కొట్టారు. పట్టీ వణకలేదు.

ఇంకొక్క నిమిషం అనుకున్నాడు యుగంధర్. ఆమెకి ఒక్క నిమిషం ఇద్దాం. ముఖ్య అతిథి చెయ్యి వెనక్కి వెళ్లింది, విసరడానికి. వేళ్లు విచ్చుకుంటున్నాయి.

యుగంధర్ బురదలో దూకి ఆ పిడికిలిని రెండు చేతులా మూసి పట్టుకున్నాడు.

ఎవరో అరిచారు. గన్‌మన్ అతని మెడ మీద చెయ్యి వేశాడు. యుగంధర్ ఆ పిడికిలిని వదలకుండానే అందులోంచి రెండు గింజలు లాగి, పంటితో పొట్టు ఒలిచి, అరచేతిలో పెట్టి రైతులకి చూపించాడు. గింజ లోపల ఎర్రగా ఉంది. రామ్‌ప్రసాద్ వరి తెల్లటిదని అక్కడ ప్రతివాడికీ తెలుసు. ముందు వరసలో ముసలి రైతు యర్రయ్య లేచి, ఒక గింజ తీసుకుని గోటితో గీరి చూసి, “ఇది కలుపు వరి,” అన్నాడు. ఆ తరవాత గన్‌మన్ చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

మూడో వరసలో కుర్చీ ఖాళీగా ఉంది. కెమెరా మనిషి షామియానా వెనక ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. యుగంధర్ అతని మీద పడేసరికి కాల్ పదకొండు సెకన్లు నడిచింది. ఆ పదకొండు సెకన్లే సరిపోయాయి.

బోటులో జరిగింది అతనికి నూకన్న చెప్పాడు. నూకన్న ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి అక్కడ చేపలు పట్టుకునేవాడు. శాఖ పంపితే తన డింగీలో ఆ బోటు వెనకే వల వేస్తున్నట్టు వెళ్లాడు.

“ఆ దొరకి ఫోనొచ్చింది బాబూ. వొచ్చిన ఎంటనే డ్రమ్ముని నీట్లోకి తొయ్యబోనాడు. ఆయమ్మ అడ్డం పడిపోనాది. తుపాకీ సప్పుడు రెండు మాట్లు ఇన్నాను. అయినా ఒగ్గలేదు. రెండు సేతుల్తో డ్రమ్ముని అట్టుకునే ఉండిపోనాది. కోస్ట్ గార్డోళ్లు ఎక్కినాక ఆ సేతులు ఇడిపించడానికి ఇద్దరు కావాల్సొచ్చింది.”

కోస్ట్ గార్డ్ నాలుగు నిమిషాలు ఆలస్యం. ఇంజన్‌లో ఏదో ఇబ్బంది. విక్టర్ దొరికాడు. విత్తనం దొరికింది. యుగంధర్ ఆ పూటంతా జంగ్లీఘాట్ జెట్టీలో నిలబడ్డాడు. తను ఇంకో నాలుగు నిమిషాలు ఆగి ఉంటే అని ఒకసారి, ఆగి ఉంటే ఆ గింజలు నేల మీద ఉండేవి అని ఒకసారి, మార్చి మార్చి అనుకున్నాడు. రెండిట్లో ఏదీ అతన్ని వదల్లేదు.

సుష్మ ముఠాకి పరిచయం చేసిన ఇంకో శాఖ ఏజెంట్ ఇప్పటికీ అందులోనే ఉన్నాడు. అందుకని ఆమె గురించిన నిజం బయటికి రాకూడదని చీఫ్ ఉత్తర్వు. పేపర్లో ఆమె విత్తనం అమ్ముకున్న ద్రోహి అయింది. షాదీపూర్‌లో ఆమె తల్లి చిట్టితల్లి ఉంది. పక్కింటివాళ్లు వీధి తలుపులు మూసుకున్నారు. దహనానికి శాఖ వాళ్లు కూడా వెళ్లలేదు. నలుగురూ దొరక్క, శ్మశానం పనివాళ్లే మోశారు.

పెద్దాయన పోయిన తొమ్మిదో రోజున యుగంధర్ తుష్నాబాద్ వెళ్లాడు, వేషం లేకుండా. కనకలక్ష్మి అతన్ని గుర్తుపట్టి లోపలికి రమ్మంది. చాప పరిచి ఒక్కటే అడిగింది.

“ఆ పిల్ల ఎందుకు చేసింది భయ్యా? ఆరేళ్లు నా చేతి అన్నం తింది. మనిషిని అంత తప్పుగా ఎలా చూశాను నేను?”

ఉత్తర్వు అతనికి గుర్తుంది. ఆ ఉత్తర్వు కింద సంతకం కూడా చేశాడు. అయినా మొదటి మెసేజ్ నుంచి డ్రమ్ము దాకా అంతా చెప్పాడు. శుక్రవారం తను టైప్ చేసిన మాట కూడా చెప్పాడు. ఇంకో ఏజెంట్ ప్రాణం ఇప్పుడు ఆవిడ నోట్లో ఉందని కూడా చెప్పాడు.

కనకలక్ష్మి ఏడవలేదు. గోడకి ఆనుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది.

“నువ్వు చేసింది నేను మరిచిపోను,” అంది చివరికి. “మాఫ్ చెయ్యలేను కూడా. వాళ్లమ్మ ఇల్లెక్కడో చెప్పు.”

మర్నాడు ఉదయం బస్సులో ఆవిడ షాదీపూర్ వెళ్లింది. పదిరోజులైనా కాని మైల ఇంటి ఆడమనిషి గడప దాటకూడదని తోటికోడళ్లు అడ్డుపడ్డా ఆగలేదు. చూసినవాళ్లు తరవాత చెప్పారు. వీధి మధ్యలో నిలబడి, అందరికీ వినిపించేట్టు, “చిట్టితల్లి దీదీ, నేను రామ్‌ప్రసాద్ గారి భార్యని. మీ అమ్మాయి మా ఇంటి పిల్ల. తలుపు తియ్యండి,” అందట. అంతకు మించి ఒక్క మాట కూడా ఎవరికీ చెప్పలేదు. తలుపు తెరుచుకుంది. సాయంత్రానికి ఆ వీధిలో ఇంకో రెండు తలుపులు తెరుచుకున్నాయి.

చీఫ్‌కి వారంలో తెలిసిపోయింది. యుగంధర్‌ని ఫీల్డ్ నుంచి తీసేసి రికార్డుల గదిలో వేశారు. రహస్యం దాచటం చేతకాని మనిషని అతని ఫైల్లో రాశారు. రాసి, ఆ విషయం ఎవరికీ తెలియకూడదని ఫైలు మీద ‘అతి రహస్యం’ ముద్ర కొట్టి, భద్రపరచమని అతని చేతికే ఇచ్చారు.