సున్నాకి కింద ఒక గీత

పాత యుద్ధ విమానాల విడిభాగాలు సంపాదించి, అవి ఏ విమానానివో కనుక్కుని, మళ్లీ పనిచేసేలా చెయ్యడం నా సరదా. మా ఆవిడ స్టెల్లా దీన్ని ఇనప పిచ్చి అంటుంది. భవానీపురంలో మా డాబా మీద గది నిండా ఆ పిచ్చే.

ఈ ఆల్టీమీటర్ మాత్రం వెతక్కుండానే వచ్చింది. విమానం ఎంత ఎత్తులో ఎగురుతోందో చూపించే గడియారం లాంటిది. ఉయ్యూరు అవతల బసవపున్నయ్యగారు చేపల చెరువు తవ్విస్తుంటే ఇరవై అడుగుల లోతులో దొరికిందట.

"దీంతోపాటు ఇంకేమైనా దొరికిందాండీ?" అని ఫోన్లో అడిగాను.

"రేకు ముక్కలండీ. మనిషి ఆనవాలేం లేదు. ఎవడో పాపం, మట్టయిపోయుంటాడు," అన్నారాయన.

దాని లోపలంతా మట్టే. నల్లగా, మెత్తగా, కుక్కినట్టు ఉంది. బేసిన్లో నానబెట్టి కుంచెతో కడిగాను. వెనక రేకు మీద నంబర్ బయటపడింది. రెండో ప్రపంచయుద్ధం నాటిది! ఆ రోజు నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. బేసిన్లో మట్టి పారబోయబోతే మా అత్తగారు శౌరమ్మగారు అడ్డుపడ్డారు.

"వండ్రుమట్టి బాబూ! ఎవరన్నా పారబోస్తారా? మొక్కలకి బలం," అంటూ తోటకూర కుండీలో పోసేశారు. కృష్ణ ఒడ్డున పుట్టినవాళ్లం, వండ్రుమట్టిని పారెయ్యడానికి ఎవరికి చేతులొస్తాయి? నేనూ సరేనన్నాను.

తోటకూర విరగబడి పెరిగింది.

ఆ శుక్రవారం వాయుగుండం. మధ్యాహ్నానికే చీకటి కమ్మేసింది, కరెంటు పోయింది. స్టెల్లా ఆస్పత్రి డ్యూటీలో ఉంది. అత్తగారికి ఉపవాస ప్రార్థన. నేను పనిలో పడి అన్నం సంగతే మర్చిపోయాను. ఆ తోటకూర పప్పు తిన్నది మా ఏడేళ్ల దీవెన ఒక్కతే. ఆకుకూర అంటే ఏడ్చే పిల్ల, ఆ రోజు అడిగి మరీ వేయించుకుందట.

డాబా గదిలో టార్చి వెలుగులో ఆల్టీమీటర్ చూస్తున్నాను. మా వాకిట్లో సున్నా చూపించేలా సరిచేశాను కాబట్టి, డాబా మీద సున్నాకి ఒక గీత పైన ఉండాలి. గీతంటే ఇరవై అడుగులు. గాలి ఒత్తిడి తగ్గితే ముల్లు ఇంకా పైకి వెళ్తుంది. వాయుగుండం రోజు కదా, పైకే వెళ్లాలి.

అది కిందికి దిగింది.

కాసేపటికి మళ్లీ పైకొచ్చింది. అదే సమయానికి మెట్ల మీద దీవెన గెంతుతూ వస్తున్న చప్పుడు.

నవ్వుకున్నాను. ఊరికే చూద్దామని, "వాకిట్లోకెళ్లి నిలబడమ్మా," అన్నాను.

పిల్ల వెళ్లింది. ముల్లు దిగింది.

"పైకి రా!"

పిల్ల వచ్చింది. ముల్లు ఎక్కింది...

దీవెనని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. గదిలో తడిమట్టి వాసన.

"నాన్నా, చెవులు నొప్పి," అంది మెల్లగా.

ముల్లు తిరుగుతోంది. వెయ్యి అడుగులు... మూడు వేలు... ఇంకా పైకి. నా చేతిలో ఉన్న చిన్న చెయ్యి ఐసుముక్కలా అయిపోయింది. ఉన్నట్టుండి ముల్లు ఆగింది. వెనక్కి తిరిగింది. గిర్రున...

పిల్లని గట్టిగా వాటేసుకున్నాను. కుర్చీలోనే ఉన్నాం. అయినా కిందికి పడిపోతున్నట్టుంది. ప్రభువా, నా బిడ్డ... నా బిడ్డ...

సున్నా. దీవెన ఒళ్లంతా ఒక్కసారి ఎగిరిపడింది. ముల్లు సున్నా దాటి ఒక గీత కిందికి పోయి ఆగింది.

"బరువుగా ఉంది నాన్నా," అని గుసగుసలాడింది. "పైన మట్టి తియ్యి..."

తర్వాత ఊపిరి లేదు.

కుదిపాను. అరిచాను. అత్తగారు మెట్లెక్కి వచ్చేసరికి దీవెన ఒక పెద్ద ఊపిరి తీసుకుంది. నోట్లోంచి ఆ బేసిన్ వాసన. కళ్లు తెరిచి, గదంతా కలయజూసి, నా ఒళ్లోంచి దిగింది.

"నాకేం కాలేదండీ," అంది. అదివరకెప్పుడూ నన్ను 'అండీ' అనలేదు.

డాక్టర్లు బాగానే ఉందన్నారు. తోటకూర పీకి, కుండీ పగలగొట్టాను. ఇది జరిగి నెల దాటింది. దీవెన బడికి వెళ్తోంది, డాబా మీద ఆడుకుంటోంది. భయం నా ఒక్కడికే.

ఆల్టీమీటర్‌ని కృష్ణలో పారెయ్యమని స్టెల్లా పోరుతోంది. ఎలా పారెయ్యను? దీవెన డాబా ఎక్కినా, వాకిట్లోకి దిగినా ఆ ముల్లు కదలడం లేదు. సున్నాకి కింద ఒక గీత. ఇరవై అడుగుల లోతు. రోజూ అద్దం మీద చెయ్యి పెట్టి, "నాన్న ఇక్కడే ఉన్నాడమ్మా," అని చెబుతున్నాను.

ఇప్పుడూ అదే చెబుతున్నాను. మెట్ల మీద చిన్న అడుగులు పైకి వస్తున్నాయి. ముల్లు కదల్లేదు.

"అన్నానికి రండి," అంది గుమ్మంలోంచి.

నేను వెనక్కి తిరగలేదు.