లోకెన్ ఇంటి దగ్గర ఎడమకి

లోకెన్ ఇంటి పై కిటికీలో దీపం కనిపిస్తే బండి ఆపొద్దంటారు. ఆ దీపాన్ని నమ్ముకుని తిరిగినవాళ్ళెవరూ చేరాల్సిన చోటికి చేరలేదంటారు.

ఎప్పుడో మంచు తుఫానులో మొగుడు దారి తప్పితే, లోకెన్ గారి భార్య ఆ కిటికీలో లాంతరు పెట్టుకుని కూర్చుందట... ఆయన రాలేదు. తర్వాత ఆవిడా పోయింది. పిల్లలు తలోదిక్కూ పట్టుకుపోయారు. ఆ ఇంటికి వచ్చే కరెంటు తీగ కూడా కోసేశారు. దీపం మాత్రం — అప్పుడప్పుడు — వెలుగుతుందట.

ఇంకో మాట కూడా ఉంది. ఆ ఇల్లు ఉన్నచోట ఉండదని. అరమైలులో ఉందనుకుంటే మూడు మైళ్ళయినా రాదు, ఇంకా రాలేదే అనుకునేసరికి వెనక అద్దంలో ఉంటుంది. చెట్టూ గుట్టా లేని ఈ కెనడా సస్కచెవాన్ నేల మీద కంటికి దూరం తెలియదు, అంతే అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. వాళ్ళంతా ఆ మాట పగలే చెబుతారు.

తమాషా ఏమిటంటే, ఇంత చెడ్డపేరున్న ఆ ఇల్లే చుట్టుపక్కల అందరికీ దారి గుర్తు. అక్కడివాళ్ళు దారి చెప్పే పద్ధతే అంత. "కాలిపోయిన బడి దగ్గర కుడికి తిరుగు." కాలిపోయిన బడి కనిపించేదెలా? "పాత ధాన్యం గోదాము ఉండేది చూడు, అది దాటాక." ఉండేదాన్ని చూడటమెలా? పుట్టి పెరిగినవాళ్ళకి ఈ ప్రశ్నలు రావు. వచ్చేది కొత్తగా వచ్చినవాళ్ళకే.

గ్లెండా కొవల్‌చుక్ కొత్తగా వచ్చింది. సస్కటూన్ ఆస్పత్రిలో ఇరవై ఏళ్ళకి పైగా చేసి, ఆ వసంతంలోనే ఈ పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి చూసే నర్సుగా చేరింది. కంకర రోడ్లు, పేర్లు లేని మలుపులు, చెయ్యెత్తి "అదిగో అటు" అనే జనం. ఆగస్టులో ఒక ముసలాయన నొప్పితో ఉన్నాడని కబురొస్తే బయల్దేరి, గోధుమచేల మధ్య గుండ్రంగా తిరిగి తిరిగి, చేరేసరికి ఆయన లేడు. ఆయన భార్య పల్లెత్తు మాట అనలేదు. తలుపు తీసి, "కాఫీ పెట్టాను" అంది. అంతే.

తిట్టినా బాగుండేది. ఆ కాఫీ గ్లెండాకి ఇప్పటికీ గొంతు దిగలేదు.

అందుకే కొత్తరకం ఫోన్ కొనుక్కుంది. అందులో వేసుకునే దారి చూపించే యాప్ ఒకటి వస్తోందని జూన్‌లోనే ప్రకటించారు. దేశం మొత్తం పటం ఫోన్ లోపలే ఉంటుందట. సిగ్నల్ లేకపోయినా ఉపగ్రహాన్ని చూసుకుని, ఎక్కడ తిరగాలో నోటితో చెబుతుందట. కారు అద్దానికి అతుక్కుని ఫోన్‌ని నిలబెట్టే పట్టు కూడా దానితోపాటే, పెద్ద స్పీకరుతో సహా. పేరు రాయించుకుంది. ఆగస్టు పోయింది, సెప్టెంబరు పోయింది, కోతలయ్యాయి, బాతులు దక్షిణానికి ఎగిరిపోయాయి.

ఆఫీసులో ఫోన్లు ఎత్తే బెవ్‌కి రోజూ ఇదే కాలక్షేపం.

"ఏమే, నీ ఉపగ్రహం దిగిందా?"

"త్వరలోనట."

"ఎండాకాలంలోనూ త్వరలోనే అన్నావు."

"నేనా అన్నది? వాళ్ళన్నారు."

"నా మొదటి ప్రియుడూ అలాగే అనేవాడు, త్వరలో పెళ్ళి చేసుకుందామని. వాడూ ఉపగ్రహమే. నా చుట్టూ ఏళ్ళు తిరిగాడు, దిగలేదు."

నవ్వడానికి కూడా గ్లెండాకి ఓపిక లేదు. పట్టు రాలేదు కాబట్టి ఫోన్‌ని కట్లు కట్టే తెల్ల టేపుతో అద్దం కింద అంటించుకుని తిరుగుతోంది. యాప్ రాలేదు కాబట్టి, ఊరు దాటగానే ఆ ఫోన్‌లో పటం మాయమై ఖాళీ గళ్ళ మీద నీలం చుక్క ఒక్కటే మిగిలేది. తనెక్కడుందో దానికి తెలుసు. ఆ చోటు ఎక్కడుందో తెలియదు.

అక్టోబరులో ఒక సాయంత్రం, ఆ రోజుకి ఆఖరి ఇంట్లో సంచీ సర్దుకుంటుంటే ఆ ఇంటి ఫోన్‌కే ఆమెకోసం కాల్ వచ్చింది. ఓరెస్ట్ హ్నాట్యుక్. ఆయన భార్య స్టెఫాకి కేన్సరు. ఇక ఆస్పత్రి వద్దని, తన మంచం మీదే పోతానని పట్టుబట్టి ఇంటికి వచ్చేసిన మనిషి. ఒంటికి తగిలించిన చిన్న పంపు గంటగంటకీ నొప్పి మందు ఎక్కిస్తుంటే రోజులు గడుస్తున్నాయి.

"అమ్మాయ్... పంపు ఆగిపోయింది. ఎర్రదీపం కొట్టుకుంటోంది."

"నొప్పి ఎలా ఉంది పెద్దాయనా?"



"నన్ను తిట్టడం మానేసింది" అన్నాడు ఓరెస్ట్.

గ్లెండా సంచీ అందుకుంది. నలభై కోతలపాటు వంటింట్లోని వైర్‌లెస్ రేడియో మైకులోంచి, పొలంలో బళ్ళ మీద ఉన్న మగాళ్ళని భోజనానికి కేకేసి కేకేసి బొంగురుపోయిన గొంతు స్టెఫాది. ఆ గొంతు ఆగిందంటే...

"వస్తున్నా. ఇటునుంచి నాకు దారి తెలియదు, చెప్పండి."

"ఏముంది, తిన్నగా ఉత్తరానికి రా. లోకెన్ ఇంటి దగ్గర ఎడమకి తిరుగు. మూడు మైళ్ళు."

అప్పటికే చీకటి పడిపోయింది.

కొత్త మందు గొట్టం, మరో పంపు పక్క సీట్లో పెట్టుకుని బయల్దేరింది. నేలకి ఆనుకుని పొగమంచు. టైర్ల కింద కంకర చిటపటలాడుతోంది. కళ్ళు మండుతున్నాయి, నడుం విరిగిపోతోంది, మధ్యాహ్నం తిన్న రొట్టెముక్క ఏ కాలంనాటిదో అనిపిస్తోంది. ఫోన్‌లో నీలం చుక్క — ఖాళీలో — ఒంటరిగా పాకుతోంది.

ఇల్లు రాలేదు.

ఇంకా రాలేదు.

దాటిపోయానా? ఆగి వెనక్కి చూడనా? తప్పిపోతున్నానని తెలిసీ తెలియనప్పుడు మనిషి చేసే పనే చేసింది — వేగం పెంచింది.

అప్పుడు కనిపించింది. పొగమంచులో, ఎత్తున... పసుపుపచ్చగా ఒక చుక్క. దీపం. దాని చుట్టూ నల్లగా ఇంటి ఆకారం, పైకప్పు, పొగగొట్టం.

దీపం కనిపిస్తే ఆపొద్దంటారని గుర్తొచ్చింది. దెయ్యానికి భయపడటానికి కూడా కాస్త తీరిక కావాలి. గ్లెండాకి లేదు. ఎడమకి తిరగాలి కదా అని బ్రేకు మీద కాలేసింది. కారు కంకర మీద జారుతూ, జారుతూ... ఆగింది.

హెడ్‌లైట్ల వెలుగు ఇంటి మీద పడింది.

ఇల్లు రోడ్డు పక్కన లేదు. రోడ్డు మీద ఉంది.

రోడ్డుకి అడ్డంగా, గోడ నుంచి గోడ దాకా, దారి మొత్తం మూసేసి నిలబడి ఉంది. తలుపుంది — మెట్లు లేవు. ఆ తలుపు మనిషి తలకంటే ఎత్తులో ఉంది. తలుపు కింద... గ్లెండా కళ్ళు నులుముకుంది. తలుపు కింద నేల లేదు. చీకటి, ఆ చీకటిలోంచి అవతలి పొలం మీది పొగమంచు కనిపిస్తోంది.

ఇల్లు గాల్లో ఉంది.

 ఇంజను ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో — ఇంటి లోపలినుంచో, వెనకనుంచో — గరగరమని ఒక గుసగుస...

"గ్లెండా..."



"గ్లెండా... ఇటు కాదు..."

ఆ బొంగురు గొంతు ఆమెకి తెలుసు.

"వెనక్కి పో అమ్మాయ్... రెండు మైళ్ళు... గుంట తవ్వి ఉంటుంది. ఆ గుంట దగ్గర... కుడికి తిరుగు..."

స్టెఫా. మంచం దిగలేని స్టెఫా. ఇక్కడ, ఈ చీకటిలో, గాల్లో నిలబడ్డ ఇంట్లోంచి తన పేరు పెట్టి పిలుస్తోంది. గుంట తవ్వి ఉంటుందంటోంది.

అయిపోయింది అనుకుంది గ్లెండా. మళ్ళీ ఆలస్యం. మళ్ళీ నేనే.

భయం రావాల్సిన చోట ఏడుపొచ్చింది, ఏడవడానికి ఓపిక లేక అదీ సగంలోనే ఆగింది. పోయిన మనిషి దగ్గరికి ఇప్పుడు తొందరేముంది? పంపు ఎందుకు, మందెందుకు? కారు ఇక్కడే వదిలేసి, సీటు వెనక్కి వాల్చి పడుకుంటే ఎవరడుగుతారు?

ఓరెస్ట్ ఒక్కడూ ఉంటాడు కదా అనిపించింది. చనిపోయిన మనిషి పక్కన వంటింటి కుర్చీ వేసుకుని, పంపు మీద కొట్టుకునే ఎర్రదీపాన్ని ఎలా ఆపాలో తెలియక చూస్తూ.

కారు తిప్పింది. వెనక ఆ గొంతు ఇంకా పిలుస్తూనే ఉంది — "గ్లెండా... ఇటు కాదు..." — అద్దంలో దీపం చిన్నదై, చిన్నదై, పొగమంచులో కలిసిపోయింది.

గుంట నిజంగానే ఉంది. రోడ్డు పక్కన, అడవి లైలాక్ పొదల మధ్య, నలుచదరంగా, నల్లగా, తాజా మట్టి వాసనతో. మనిషికి తవ్వే గుంట కాదది. ఎంత పెద్దదంటే... గ్లెండా అటు చూడటం మానేసి కుడికి తిరిగింది.

హ్నాట్యుక్‌ల వంటింట్లో దీపం వెలుగుతోంది. తలుపు తట్టకముందే ఓరెస్ట్ తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమెని చూసి, పక్కకి తప్పుకుని, నేల చూపులు చూస్తూ అన్నాడు:

"కాఫీ పెట్టాను."

గ్లెండా సంచీ చేతిలోంచి జారి గడప మీద పడింది.

"పెద్దాయనా... నేను..."

"ఎవరది?" లోపలి గదిలోంచి అదే బొంగురు గొంతు. "వచ్చిందా? వస్తే అక్కడ కాఫీలేంటి ముసలోడా, నీ బుద్ధి మండ. ముందు ఇటు పంపు."

మంచం మీద స్టెఫా. మొహం సున్నం కొట్టినట్టుంది, చెమట పట్టి జుట్టంతా నుదుటికి అంటుకుంది. గుండెల మీద కోతల రేడియో. దాని మైకు ఇంకా గుప్పిట్లోనే, నోటి దగ్గరే ఉంది.

"గంట నుంచి అరుస్తున్నా" అంది. "నీకు చెవుడా, డ్యూయీగాడికి చెవుడా?"

గ్లెండా సంచీ తెచ్చుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని పంపు మార్చింది.  ఎర్రదీపం ఆగింది, ఆకుపచ్చ వెలిగింది. మందు ఎక్కడం మొదలై స్టెఫా దవడలు వదులయ్యేదాకా, ఆమె చెయ్యి పట్టుకుని అలాగే ఉంది.

తర్వాత ఓరెస్ట్ చెప్పాడు, తలుపుకి ఆనుకుని, తప్పు చేసిన పిల్లాడిలా. లోకెన్ ఇంటిని ఎవరో కొత్త దంపతులు కొనుక్కున్నారు. చెక్క ఇల్లు కదా, ఇనప దూలాల మీదకెక్కించి, చక్రాలు కట్టి, కింది నేలమాళిగ గుంట మాత్రం వదిలేసి, మధ్యాహ్నమే లాక్కెళ్ళారు. రెండు మైళ్ళు పోయాక అడ్డంగా కరెంటు తీగలు. వాటిని ఎత్తేవాళ్ళు రేపుగానీ రారు. అందుకని ఇంటిని రోడ్డు మీదే వదిలేసి, ఇంటికి అవతల, దాన్ని లాగిన లారీలో డ్యూయీ అనేవాణ్ణి కాపలా పెట్టారు.

"లాక్కెళ్తుంటే దగ్గరుండి చూశాను నేను. చూసి కూడా నీకు లోకెన్ ఇంటి దగ్గర తిరగమన్నాను. ఏం చెప్పను, పుట్టిన దగ్గర్నుంచీ అదే నోటికొస్తుంది."

"ఫోన్ పెట్టేశాక, ఏ లోకెన్ ఇల్లురా అన్నాను" అంది స్టెఫా కళ్ళు మూసుకునే. "నువ్వు అప్పటికే బయల్దేరావట. నీ చేతి ఫోన్ ఇక్కడ పలకదాయె. లారీలో మన రేడియోనే ఉంది, బయటికి గొట్టం స్పీకరు ఉంది. ఆ డ్యూయీ చెవి మిషను తీసి పడుకుంటే దేవుడు పిలిచినా లేవడు. వాడు లేవకపోయినా నువ్వు వింటావు కదా అని పిలుస్తూనే ఉన్నా."

"ఇంత నొప్పిలోనా పెద్దమ్మా?"

"నీ యంత్రం ఇంకా రాలేదన్నావుగా. మరి ఎవరు చెప్తారు నీకు, ఎక్కడ తిరగాలో?"

గ్లెండాకి నవ్వొచ్చింది. ఆ రోజు మొత్తానికి అదే మొదటిసారి. ఓరెస్ట్ తెచ్చిన కాఫీ అందుకుని, ఒక గుక్క తాగింది. గొంతు దిగింది.

"అసలు భయం అది కాదు" అంది స్టెఫా, మాట మత్తుగా సాగుతూ. "ఇంటికి తగిలించిన హెచ్చరిక లైట్లు బ్యాటరీ అయిపోయి ఆరిపోయాయని డ్యూయీ సాయంత్రమే రేడియోలో అన్నాడు. పొద్దున మారుస్తాడట, వెధవ. చిమ్మచీకట్లో ఇల్లు రోడ్డుకడ్డంగా ఉంటే, నువ్వొచ్చి నేరుగా గుద్దుకుంటావేమోనని..."

"అలాగే అయ్యుండేది" అంది గ్లెండా. "వేగంగానే వస్తున్నాను. పై కిటికీలో దీపం పెట్టారు కాబట్టి సరిపోయింది. అది చూసే బ్రేకు వేశాను."



ఓరెస్ట్ చేతిలో కాఫీ కెటిల్ అలాగే ఆగిపోయింది.

"ఏ దీపం?" అన్నాడు.

"పై కిటికీలో. పసుపుపచ్చగా."

"పై కిటికీలన్నిటికీ పొద్దునే చెక్కలు కొట్టేశారు అమ్మాయ్... మేకులు అందించింది నేనే."

 వంటింటి కిటికీ అవతల పొగమంచు గాజుకి ఆనుకుని నిలబడి ఉంది.

స్టెఫా కళ్ళు తెరవలేదు. గ్లెండా వేళ్ళ మీద తన వేళ్ళు కాస్త బిగించింది.

"ఎన్నేళ్ళుగా పెడుతోందో పాపం ఆ లోకెన్ ఇల్లాలు..." అంది నిద్రలోకి జారుతూ. "ఒక్కరైనా చేరొద్దూ?"