కిటికీ వైపు చెంప

బస్సు డ్రైవరు చనిపోయిన రోజునే క్లినిక్‌లో ఆమె ఫోటోలు కూడా పోయాయి. పొద్దున ఫైలులో పన్నెండు ఉన్నాయి. సాయంత్రానికి ఆరు మిగిలాయి. బీరువా తాళంచెవి నర్సు దగ్గర ఉండేది కాబట్టి, మర్నాడు ఆమె ఉద్యోగమూ పోయింది.

ఈ సంగతి డిటెక్టివుకు చెప్పింది డ్రైవరు చెల్లెలు. బట్టలు కుట్టే మనిషి. మెడలో కొలత టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చింది. సంచిలోంచి రెండు చిన్న సీసాలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకదానికి తడిగుడ్డ చుట్టి ఉంది.

"రెండూ అక్కవే సార్, క్లినిక్‌లో ముడతల మందు పరీక్షకని ఇచ్చారు. ఈ తడిగుడ్డది బస్సు లోపలి వైపు ఉండే చెంపకి, ఫ్రిజ్‌లోనే పెట్టుకోమన్నారు. ఇది కిటికీ వైపు చెంపకి. అద్దం దగ్గర పడుండేది."

"రెండిట్లో మందు ఏది?"

"అది మాకు చెప్పరు. ఒకదాన్లో గ్రోత్ ఫ్యాక్టర్లు, ఒకదాన్లో ఉత్త క్రీము. ఆర్నెల్లు రాసి, నెలనెలా ఫోటోలు తీయించుకోవాలి. డిపోలో ఇరవై నాలుగుమంది డ్రైవర్లు చేరారు."

"గ్రోత్ ఫ్యాక్టర్లంటే ఏంటమ్మా?" అని అడిగాడు అసిస్టెంటు. డిటెక్టివు కంటే నాలుగేళ్లు పెద్దవాడైనా, తెలియనిది అడగడానికి మొహమాటపడడు.

"చర్మంలో కణాల్ని పెరగమని చెప్పే ప్రోటీన్లట. ముడతలు పోతాయన్నారు. చేరమని అక్కని పోరుపెట్టింది నేనే." ఆమె టేపును వేలికి చుట్టుకుంది. "కిటికీ వైపు, చెవి కింద దవడ మీద మచ్చ. జుట్టు కప్పేసేది. నేను చూసేసరికే చొక్కా గుండీ అంత అయింది. క్యాన్సరన్నారు. పెరగమని చెప్పే మందు కదా సార్. ముడతేదో మచ్చేదో దానికేం తెలుసు? నా చేత్తో నేనే చంపుకున్నానా? అది తెలియాలి నాకు."

"మీ అక్కను గుర్తుపట్టే ఆనవాలు ఏమైనా ఉందా?"

"చెవి తమ్మె తెగి ఉండేది. చిన్నప్పుడు పోగు పట్టి లాగాను." నవ్వబోయి మానుకుంది. "దానిక్కూడా నేనే కారణం."

క్లినిక్ ముందుగదిలో గోడకు నాలుగు పటాలున్నాయి. ఒక్కోదాంట్లో ఒకే మనిషి రెండు చెంపలు పక్కపక్కన. కింద 'మందు రాసిన చెంప', 'మందు రాయని చెంప' అని అచ్చు. కళ్ల మీద నల్ల పట్టీ. మూడింటికి సన్నటి ఫ్రేములు, నాలుగోదానికి మాత్రం జానెడు వెడల్పు చెక్క.

"చూడండి సార్, ఒకటే మనిషంటే నమ్మలేం. ఈ మందేదో మా ఆవిడకి చెప్పాలి," అన్నాడు అసిస్టెంటు.

"నలుగురికీ మందు ఒకే వైపు చెంపకి రాశారు," అన్నాడు డిటెక్టివు. "చెప్పకండి."

డాక్టరమ్మ మర్యాదగానే మాట్లాడింది.

"డ్రైవర్లనే ఎందుకు తీసుకున్నారు?"

"డిపో పక్కనే. పిలిస్తే వస్తారు."

"ఆ డ్రైవరు మచ్చ మీరు చూశారా?"

"ఆమెని గానీ ఆమె ఫోటోల్ని గానీ నేను చూడలేదు. తీసేదీ, దాచేదీ, గోడకి ఏరి ఇచ్చేదీ అంతా నర్సే. నాకొక్క మాట చెప్పలేదు."

"చెప్పి ఉంటే?"

"ఏం చేస్తామండీ? పెసరగింజంత మచ్చ చూసి క్యాన్సరని ఎవరనుకుంటారు?"

డిటెక్టివు తలూపి లేచాడు.

నర్సు ఇంటి గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "ఆ మచ్చ డాక్టరమ్మకి మొదటి రోజే చూపించాను సార్. ఇంతే ఉండేది," అంటూ చిటికెనవేలి గోరులో సగం చూపించింది. "'మనం చేసేది పరీక్ష, వైద్యం కాదు' అన్నారు. నేను మళ్లీ అడగలేదు."

"ఆ వెడల్పు ఫ్రేము?"

"వెడల్పుదా? నేనున్నప్పుడు అన్నీ సన్నవే సార్."

మర్నాడు మధ్యాహ్నం ఆ ముందుగదిలోనే డాక్టరమ్మ, నర్సు, చెల్లెలు ఎదురెదురుగా కూర్చున్నారు. అసిస్టెంటు నాలుగో పటం దించి మరలు విప్పాడు. చెక్క ఊడిరాగానే చెల్లెలు లేచి నిలబడింది.

"ఆ చెవి అక్కదే!"

తెగిన తమ్మె కింద, ఇంతవరకూ చెక్క కప్పిన చోట, గుండీ అంత నల్లటి మచ్చ ఉంది.

"డాక్టరుగారూ, మచ్చ చూడలేదన్నారు. చెల్లెలు చూసేటప్పటికి అది గుండీ అంత ఉంది. పెసరగింజంత ఉన్నది మొదటి రోజే. ఆ రోజు చూసినవాళ్లకు తప్ప ఆ కొలత నోటికి రాదు. ఆమె పోయిందని తెలియగానే మచ్చ ఉన్న వైపు ఫోటోలు ఆరూ తీసేశారు. ఈ పటం తీసేయడానికి మాత్రం మనసు రాలేదు. అన్నిట్లోకీ బాగా వచ్చిన తేడా ఇదే కదా. అందుకే ఫ్రేము మార్చారు. నేరం నర్సు మీదికి తోశారు."

డాక్టరమ్మ పటం వైపు చూడలేదు. "వైద్యం చేస్తానని నేనెవరికీ రాసివ్వలేదు," అంది.

"అయితే సార్," అంది చెల్లెలు, "ఆ మందే...?"

"ఆ మందు ఆ మచ్చని తాకనేలేదమ్మా. వేడికి చెడిపోయే ప్రోటీన్ కాబట్టే ఒక సీసా ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. అది లోపలి చెంపది. కిటికీ వైపు చెంపకి రాసింది ఉత్త క్రీము. డ్రైవరుకి ఏళ్ల తరబడి ఎండ తగిలేది కిటికీ వైపే. ఎండ కాల్చిన చెంపని నీడనున్న చెంప పక్కన పెడితే, ఏం రాయకపోయినా తేడా కనిపిస్తుంది. మీ అక్క చెంప నెలనెలా చెడుతుంటే వీళ్ల మందు నెలనెలా బాగా పనిచేస్తున్నట్టు కనిపించింది."

"ఇంతకీ ఆ మందు పనిచేస్తుందా సార్?" అన్నాడు అసిస్టెంటు.

"ఈ పరీక్ష వల్ల అది తెలియదు."

చెల్లెలు తేలిగ్గా ఊపిరి తీసుకుంటుందని అసిస్టెంటు ఎదురుచూశాడు. ఆమె పటాన్ని ఒళ్లో పెట్టుకుని అంది.

"ఇంకో డాక్టరుకి చూపించుకుంటానంది అక్క, మూడో నెలలో. నెలనెలా క్లినిక్‌లో చూస్తూనే ఉన్నారు కదా, ఎందుకే దండగ అన్నాను."

నర్సు వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

బీరువాలో మిగతా ఫైళ్లు వరసగా ఉన్నాయి. ఆ ఇరవై ముగ్గురు డ్రైవర్లకు ఇంకా ఎవరూ కబురు చేయలేదు.