సోములమ్మ గొంతు దాచిన చోటు

ఆ ఉదయం కూడా సోములమ్మే అందరికంటే ముందు లేచింది. పెరట్లో ఆరబోసిన కాఫీ పళ్ల మీద టార్పాలిన్ తీసి, పొయ్యి మీద చోడిపిండి అంబలి పెట్టింది. మంచు ఇంకా కొండ దిగలేదు. కూతురు సోనిని లేపుదామని పిలిచింది గానీ, బొంగురుపోయిన ఆ పిలుపు గుమ్మం దాటలేదు.

వచ్చే వారం విశాఖలో ఆపరేషన్. గొంతులో పెరిగిన గడ్డతో పాటు స్వరపేటిక మొత్తం తీసేయాలని డాక్టరమ్మ చెప్పేసింది. ప్రాణం నిలుస్తుంది. మాట మాత్రం ఇక రాదు.

ఊరంతా ఆ కబురుకు కుంగిపోయింది. చైత్రంలో ఇటుకల పండుగప్పుడు, విత్తనాలు పొలానికి కదిలే ముందు కొండదేవత దగ్గర పాడే పాట ఇప్పుడు పూర్తిగా వచ్చింది సోములమ్మ ఒక్కదానికే. తల్లి నోట విని నేర్చుకుంది. పొద్దు పొడుస్తుండగా ఎత్తుకుంటే నీడ కాళ్ల కిందికొచ్చేదాకా సాగుతుంది. ఊరివాళ్లు తప్ప బయటివాళ్లు వినకూడని పాట అది. హాస్టళ్లలో పెరిగిన సోనికి అందులో కొన్ని ముక్కలే వచ్చు.

"అమ్మా, ఆపరేషన్‌కి ముందు ఒక్కసారి పాడవే. ఫోన్లో దాచుకుంటాం," అన్నాడు కొడుకు రవిబాబు, అంబలి గిన్నె అందుకుంటూ.

సోములమ్మ గరిటె కింద పెట్టింది. "ఇంతకుముందు నీ ఫోన్లో దాసినదేటైందిరా?"

రవిబాబు తల దించుకున్నాడు. అతను పర్యాటకుల గుడారాల దగ్గర పని చేస్తాడు. నిరుడు పండుగలో తల్లి పాట కొంత రికార్డు చేసి, ఉచితంగా వచ్చే ఆన్‌లైన్ ఖాతాలో పెట్టాడు. ముచ్చటపడి దాని లింకు ఒక స్నేహితుడికి పంపాడు. అతని నుంచి అది ఎందరి చేతులు మారిందో ఎవరికీ తెలియదు. ఒక సాయంత్రం సోములమ్మ అడవి నుంచి అడ్డాకులు మోసుకొస్తుంటే, రోడ్డు పక్క చలిమంట దగ్గర సౌండు బాక్సుల్లో తన గొంతే వినబడింది. ఎవరో దానికి డ్రమ్ములు కలిపారు. తాగినవాళ్లు ఎగురుతున్నారు. ఆమె ఆకుల మోపు అక్కడే వదిలేసి ఇంటికొచ్చేసింది. అప్పట్నుంచి కొడుకుతో ముభావమే.

"తెలీక చేశానమ్మా. ఎన్నిసార్లు చెప్పమంటావు?"

"సెప్పొద్దు. కొండదేవత ముందు నాను ఏ మొకం పెట్టుకుని నిలబడాలి? నా గొంతు నాతోనే పోనీ."

"పోగొట్టుకునేది నువ్వొక్కదానివేనా?" రవిబాబు గొంతు పెరిగింది. "నువ్వు నన్ను తిట్టే తిట్టు కూడా ఇక నాకు వినబడదు. అది తెలుసా నీకు?"

సోములమ్మ చెయ్యి పొయ్యి దగ్గరే ఆగిపోయింది. అంబలి అడుగంటింది.

సోని లోపల్నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. విశాఖలో కంప్యూటర్ డిగ్రీ చదువుతోంది. కబురు తెలిసిన దగ్గర్నుంచీ ఆ పిల్ల వెతుకుతున్నది ఒక్కటే, అమ్మ పాటకు భద్రమైన చోటు.

"అమ్మా, దొరికింది. ఎవరూ వినలేని చోటు."

"ఫోన్‌తో వచ్చే ఖాతా చాలదా?" అన్నాడు రవిబాబు. "దానికీ తాళం ఉంటది కదా. పాస్‌వర్డ్ మర్చిపోయినా వాళ్లే తీసిస్తారు."

"అందుకే వద్దనుకున్నానన్నా. వాళ్లు తీసివ్వగలిగితే తీసి వినగలరు కూడా. ఇది వేరే. పాట మన దగ్గరే తాళం పడ్డాక బయటికెళ్తుంది. దాచేవాళ్ల దగ్గర తాళంచెవి ఉండదు. అదెలా పనిచేస్తుందో వాళ్లు దాచిపెట్టలేదు, బయటి నిపుణులు కూడా పరీక్ష చేశారు. ఊరికే ఇవ్వరు, చోటు కూడా తక్కువే. మన పాటకు సరిపోతుంది."

"పాస్‌వర్డ్ మర్సిపోతే?" అంది సోములమ్మ.

సోని తల్లి కళ్లలోకి చూసింది. "పోయినట్టేనమ్మా. మనకీ రాదు."

"ఏటో! అందరూ ఇలాగే సెప్తారు."

"అయితే ఒక మాట అను. నువ్వే చూద్దువు గానీ."

సోములమ్మ రోజూ కూతుర్ని పిలిచినట్టే, "ఓ గుంటా, అంబలి సల్లారిపోతంది, బేగి రా," అంది.

సోని ఆ మాటను రికార్డు చేసి, తాళం వేసి, "వాళ్ల దగ్గర ఉండేది ఇదమ్మా," అంటూ వినిపించింది. రేకుల మీద వాన పడుతున్నట్టు ఒకటే హోరు. అందులో మాట లేదు, మనిషి లేదు. సోములమ్మ ల్యాప్‌టాప్‌కు చెవి ఆనించి చాలాసేపు విన్నది.

"ఇందులో నానున్నానా?"

"ఉన్నావు."

"నా గొంతు నాకే తెల్డం లేదు కదే!"

సోని పాస్‌వర్డ్‌గా పెట్టిన రహస్యపు మాటలు టైపు చేసింది. హోరు మాయమై, "ఓ గుంటా, అంబలి సల్లారిపోతంది..." అని సోములమ్మ గొంతు స్పష్టంగా పలికింది.

తెలియకుండానే సోములమ్మ రెండు చేతులూ దండం పెడుతున్నట్టు దగ్గరికొచ్చాయి. "దాసినోడికి కూడా తెలీకుండా దాసడం! మనుసులే సేసినారా దీన్ని?"

"మనుషులేనమ్మా. లెక్కలతో చేశారు."

సోములమ్మ లేచి వెళ్లింది. కొండెక్కి దేవత రాయి దగ్గర కూర్చుని, ఎండ ముదిరాక దిగి వచ్చింది. ఏమడిగిందో, ఏ జవాబు దొరికిందో చెప్పలేదు. "రేపు పాడతాను," అంది.

మర్నాడు పొద్దు పొడుస్తుండగా, సోని రికార్డు చేస్తుంటే సోములమ్మ పాట ఎత్తుకుంది. గొంతు తెగినప్పుడల్లా వేడినీళ్లు గుక్కెడు తాగి మళ్లీ అందుకుంది. ఎవరూ అటు రాకుండా రవిబాబు వాకిట్లో కూర్చున్నాడు. పాట అయ్యాక, తాళానికి కావలసిన మాటలు ఇంటి భాషలో సోని చెవిలో చెప్పింది. రవిబాబు అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. మెడకు కట్టుతో సోములమ్మ ఇంటికొచ్చింది. ఏం కావాలన్నా చేతులతోనే చెబుతోంది. ఒళ్లు కాస్త కుదుటపడ్డాక, ఒక ఉదయం సోని తలుపులు వేసి పాట తెరిచింది.

పాడేటప్పుడు ఆమె పాటలోనే ఉండేది. బయట కూర్చుని తన పాట పూర్తిగా విన్నది ఎన్నడూ లేదు. ఇప్పుడు ఆ బొంగురు గొంతు కొండల పేర్లు, వాగుల పేర్లు ఒక్కొక్కటిగా పిలుస్తుంటే, కళ్లు పెద్దవి చేసుకుని, వేరెవరో గొప్ప మనిషిని వింటున్నట్టు విన్నది. చెయ్యి మెడ కట్టు మీదికి వెళ్లి అక్కడే నిలిచింది. కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

కొంతసేపటికి చుట్టూ చూసింది. రవిబాబు లేడు. సోములమ్మ లేచి తలుపు తీసింది. అతను చూరు కింద, తనకు లోపల చోటు లేదన్నట్టు ముడుచుకుని కూర్చున్నాడు. చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చి కూర్చోబెట్టింది. సోని తలను అతని చెవి దగ్గరికి వంచింది.

"అన్నకి ఆ మాటలు చెప్పమంటావా అమ్మా?"

సోములమ్మ గట్టిగా తలూపింది.

"వద్దమ్మా," అన్నాడు రవిబాబు వెనక్కి జరుగుతూ. "నేను మళ్లీ ఏదైనా..."

ఆమె అరచేత్తో అతని నోరు మూసింది. సోని మెల్లగా చెవిలో చెప్పింది. రవిబాబు తల్లి ఒళ్లో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పాట విత్తనాన్ని నిద్ర లేపే చోటికి వచ్చింది. సోని సన్నగా అందుకుంది. రవిబాబు కూడా లేచి, ముక్కు తుడుచుకుని గొంతు కలిపాడు. దరువు తప్పాడు. సోములమ్మ అతని వీపు మీద ఒక్కటి చరిచి, ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఎత్తుకోవాలో వేళ్లతో దరువు వేసి చూపించింది.

అతను మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.