దారాల చెరువు

రాజోలు దాటి ఏటిపాయ వెంట కిందికి వెళితే కొబ్బరితోటలు అయిపోయి రొయ్యల చెరువులు మొదలవుతాయి. రేచల్ ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళేముందు స్కూటీ మీద అక్కడికి వచ్చేది. హైస్కూల్లో సైన్సు టీచరు. మెడలో వేలాడే కెమెరా, పెళ్ళి ఫొటోలు తీసే బాబ్జీ ఇక పనికిరాదని పక్కన పెట్టేసినది. లెన్సు తిప్పుతుంటే సగంలో పట్టేసేది. దూరంగా ఉన్న పిట్టను దగ్గరికి లాగే శక్తి దానికి లేదు. అందుకని తనే గట్టు మీద బోర్లా పడుకుని, మోచేతులు బురదలో ఆనించి, పిట్ట దానంతటది దగ్గరికొచ్చేదాకా కాచుకునేది. లకుముకిపిట్ట చేపను నోట కరుచుకున్న ఫొటో ఒక్కటి కుదిరిందంటే వారమంతా పండగే.

ఈ చలికాలం మాత్రం ఒక్క మంచి ఫొటో పడలేదు. చెరువు యజమాని ప్రకాశరావు గట్ల మీద కర్రలు పాతించి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి సన్నటి నైలాన్ దారాలు బిగించి కట్టించాడు. అవి మనిషి కంటికే ఆనవు. రొయ్య కోసం దిగే కొంగకి రెక్క తెగేదాకా తెలీదు.

"రంగు రిబ్బన్లు కట్టించండి. చూసి అవే పక్కకి పోతాయి కదండీ" అంది రేచల్ మొదటిసారి, నెమ్మదిగానే.

"రొయ్యలు నావండీ టీచరుగారూ. పిట్టలు మీవైతే మీ ఇంటికి తోలుకుపోండి" అన్నాడాయన నవ్వుతూ. గట్టు మీద చచ్చిపడున్న కొంగని చెప్పుకాలితో ఆమె వైపు నెట్టాడు. "ఇదిగో, ఇది కదలదు. బాగా వస్తుంది ఫొటో."

ఆ నవ్వు ఆమె గుండెల్లో నిప్పులా కూర్చుంది. వారమంతా పిల్లల మీద అరిచింది. అన్నం సయించలేదు. అటవీశాఖ వాళ్ళకి ఫోన్ చేస్తే రుజువులుంటే పంపమన్నారు. సరే, పంపుతానంది.

ఆదివారం మంచు దట్టంగా పట్టింది. అవతలి గట్టు లేదు. నీళ్ళని చిలికే ఏరియేటర్ల చప్పుడొక్కటే వినిపిస్తోంది. రొయ్యల మేత వాసన, కుళ్ళిన నాచు వాసన. చెరువు నడిమధ్య, నీటికి జానెడు పైన, ఏదో బూడిదరంగు మూట ఊగుతోంది. కెమెరా కంటికి ఆనించింది. నారాయణపక్షి. ఒక రెక్క దారంలో ఇరుక్కుని విరిగింది. రెండో రెక్క ఇంకా కొట్టుకుంటోంది.

విడిపిద్దామని చెరువులోకి దిగింది. బురద మోకాళ్ళదాకా పట్టేసింది. ఇంకో అడుగు వేస్తే ఇక పైకి రాలేననిపించింది. గట్టు పట్టుకుని వెనక్కి పాకింది. ఏడుస్తూనే ఫొటోలు తీసింది. ఆమె చూస్తుండగానే పక్షి మెడ వాలిపోయింది.

రేచల్ పళ్ళు కొరికింది. ప్రార్థన చేసే నోరే అది.

"వీడూ ఇలాగే వేలాడాలి. వీడి చేతులు ఇలాగే విరిచి కట్టాలి."

"ఆయ్."

పక్కనే వినిపించింది. చెవికి బెత్తెడు దూరంలో... పెద్దవాళ్ళు పని పురమాయిస్తే చేతులు కట్టుకుని ఒప్పుకున్నట్టు, ఎంతో మర్యాదగా.

తిరిగి చూసింది. మంచు.

"ఎవరండీ?"

ఏరియేటర్లు ఆగిపోయాయి. ఎప్పుడు ఆగాయో... తడిసిన ఈకల వాసన వేసింది. చెరువు వైపు చూసింది. దారం ఊగుతోంది. దాని మీద పక్షి లేదు.

స్కూటీ ఎలా తీసిందో ఆమెకి గుర్తులేదు.

చర్చి వదిలేసరికి కబురు వచ్చింది. జనం చెరువుకి పరిగెడుతున్నారు. రేచల్ కూడా వెళ్ళింది. ఎండ కాస్తోంది. చెరువు నడిమధ్య, నీటికి జానెడు పైన, ప్రకాశరావు వేలాడుతున్నాడు. రెండు చేతులూ వెనక్కి విరిగి, దారాలకి చుట్టుకుని ఉన్నాయి. పిట్ట బరువుకే వంగే ఆ గట్టు కర్రలు నిటారుగా నిలబడి ఉన్నాయి. ఇద్దరు మనుషులు నడుముకి తాళ్ళు కట్టుకుని గొంతు లోతు నీళ్ళలో నిలబడి కొడవళ్ళతో కోస్తున్నారు. దారం తెగడం లేదు. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు కదులుతోంది. శబ్దం రావడం లేదు.

తగిన శాస్తే అనుకుంది రేచల్. ఆ క్షణంలో నిజంగా అలాగే అనుకుంది.

అప్పుడు ఆయన భార్య భవానీదేవి గట్టు మీద కూలబడి, వచ్చిన ప్రతివాళ్ళ కాళ్ళూ పట్టుకోవడం చూసింది. "మీరైనా ఏదైనా చెయ్యండమ్మా..."

రేచల్ జనాన్ని వదిలి గట్టు చివరికి నడిచింది. నీళ్ళ వైపు తిరిగి గుసగుసగా అంది.

"చాలండి. దించెయ్యండి."

ఏమీ లేదు.

"తప్పయిపోయింది. దయచేసి..."

ఏమీ లేదు. బతిమాలితే వినేది కాదది. కోపం మళ్ళీ భగ్గుమంది. ఈసారి ప్రకాశరావు మీద కాదు.

"దించమంటున్నానా!"

"ఆయ్."

దారాలన్నీ ఒక్కసారిగా వదులయ్యాయి. కిందనున్న ఇద్దరూ బరువు కాసుకోవడానికి చేతులు చాచారు. ఆయన దబ్బున పడలేదు. గాల్లో అటూ ఇటూ ఊగుతూ, నెమ్మదిగా దిగాడు. ఒకడే అందుకున్నాడు. ఒంటిచేత్తో. వాడి ముఖం పాలిపోయింది.

సాయంత్రం అమలాపురం ఆసుపత్రికి వెళ్ళింది రేచల్. ప్రాణానికి భయం లేదన్నారు. గదిలో ఆయన కళ్ళు మూసుకుని పడుకున్నాడు. చేతులకి కట్లు. నిండు మనిషి పడుకున్నా పరుపు ఎక్కడా నొక్కుకోలేదు. భవానీదేవి ఆయన నడుముని తన చీరతో మంచానికి కట్టి, రెండు చేతులూ గుండెల మీద పెట్టి అదిమి పట్టుకుంది.

పలకరిద్దామని నోరు తెరిచింది రేచల్. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ముందు ఆ కిటికీ మూసెయ్యండమ్మా" అంది, ఆయనకి వినపడకూడదన్నట్టు. "గాలి వస్తోంది."