వేడిగదిలో ఊఁ కొట్టేదెవరు?

పొద్దు వాలాక ఆ గది దగ్గరికి ఎవరూ వెళ్లరు. వెళ్లినవాళ్లు ఊరికే తిరిగిరారు, ఏదో ఒకటి చెవిన పడకుండా రారు... అని ఆ వీధిలో దానికి పేరు.

అది ఒకప్పుడు బట్టలుతికే కంపెనీ. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు బళ్లకొద్దీ వచ్చేవి. కంపెనీ మూతపడి చాలా ఏళ్లయింది. ఇస్త్రీలు చేసే పెద్ద హాలు మాత్రం మిగిలింది. హాలు చివర ఒక ఇనపతలుపు. దాని వెనక కిటికీ అన్నదే లేని గది, గోడల చుట్టూ ఆవిరి గొట్టాలు. తడి దుప్పట్లు ఆరేసే చోటది. పనివాళ్లు దాన్ని వేడిగది అనేవాళ్లు.

ఇరవై ఆరేళ్ల కిందట ఆ వేడిగదిలో ఒక అమ్మాయి చచ్చిపోయింది.

పని ఎగ్గొట్టి లోపల నిద్రపోయిందన్నారు. గొళ్లెం దానంతటదే పడిందన్నారు. కొన్నాళ్లకి, నిద్రేంటి, ఎవడికోసమో కాచుకుని ఉందిలే అన్నారు. ఆ పైన దెయ్యమైందన్నారు. పోయిన మనిషి మీద ఇన్ని మాటలు ఎక్కుతాయా అంటే... ఎక్కుతాయి. కాదనేవాళ్లు లేకపోతే ఎన్నైనా ఎక్కుతాయి.

దెయ్యం పుణ్యమా అని ఆ హాలు ఖాళీగా పడి ఉండేది. ఆ వీధికి కొత్తగా వచ్చిన ఒక రిటైరైన పోస్టుమాన్ దాన్ని బాగుచేయించాడు. నెలకో శనివారం, సాయంత్రం ఏడింటికి, అందరూ చేరి కథలు చెప్పుకోవాలన్నాడు. కట్టుకథలు కాదు. జరిగింది చెప్పాలి, అదీ తనకు జరిగింది చెప్పాలి, కాగితం చూడకూడదు. సిగ్గుపడేవాళ్లు కూడా నోరు విప్పుతారని, చెప్పేవాళ్ల నెత్తిమీద ఒక్క బల్బు ఉంచి మిగతా దీపాలన్నీ ఆర్పేసేవాడు.

రెండో నెలలోనే వినబడింది.

ఒక నర్సు చెబుతోంది. తన తండ్రి ప్రాణం పోతున్న వేళకి తను పక్క వార్డులో ఎవరికో సూది వేస్తూ ఉండిపోయానని. అందరూ ఊపిరి బిగబట్టి వింటున్నారు. అప్పుడు... హాలు చివరినుంచి... వేడిగది వైపునుంచి...

"ఊఁ..."

కథ చెబుతుంటే పక్కలో పడుకున్న పిల్లలు కొడతారే, ఆ ఊఁ. ఆ తరవాతో, అన్నట్టు. మెత్తగా, లోతుగా. ఎవరన్నారర్రా అంటే, నేను కాదంటే నేను కాదన్నారు.

పై నెల బస్సు డ్రైవరు లేచి, బ్రేకులు పోయిన బస్సుని ఏడు మైళ్లు ఒంటిచేత్తో నడిపిన కథ చెప్పాడు. ఊఁ రాలేదు. మధ్యలో ఆగి చూశాడు. రాలేదు.

"సరే, ఒక్క మైలు," అన్నాడు.

రాలేదు.

"అబ్బబ్బా... డిపో గేటు దాటకముందే ఆగిపోయిందిలే తల్లీ, వదిలెయ్!"

"ఊఁ."

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే చెప్పులు వెతుక్కున్నారు.

ఆ దెయ్యానికి అబద్ధం పడదు, నిజం చెబితేనే ఊఁ కొడుతుంది అని వీధంతా పాకిపోయింది. భయపడుతూనే వచ్చేవాళ్లు. వేడిగది తలుపు పక్కనున్న చివరి బెంచీ మీద మాత్రం ఎవరూ కూర్చునేవారు కాదు, ఒక్క మేస్త్రీగారూ ఆయన భార్యా తప్ప. కంపెనీ నడిచినన్నాళ్లూ ఆయనే అక్కడ మేస్త్రీ. ఇప్పుడు మోకాలు వంగదు, కాలు చాపుకోవడానికి ఆ బెంచీ కావాలి. ఒక చెవి వినబడదు, ఆ పక్కనే ఆమె కూర్చునేది. ఆమె సంగతా... ఆమె గొంతు ఎలా ఉంటుందో వీధిలో ఎవరికీ తెలీదు. కూరల బండి దగ్గర కూడా వేలు పెట్టి చూపిస్తుంది.

హాలు ఊడ్చేదీ, చాపలు పరిచేదీ, టీ పోసేదీ చెల్లెమ్మ. నలభై ఏడేళ్లొచ్చినా అందరికీ చెల్లెమ్మే. కంపెనీలో పనిచేసేటప్పుడు వాళ్ల అక్క "చెల్లీ, చెల్లీ" అని నోరారా పిలిచేది. అది విని అందరూ అలాగే పిలవడం మొదలెట్టారు. తరవాత అక్క పోయింది, పిలుపు మిగిలిపోయింది.

వేడిగదిలో పోయింది ఆ అక్కే.

పోస్టుమాన్‌కి ఆ సంగతి తెలీదు పాపం. పాతవాళ్లకి తెలుసు. తెలిసీ, "మీ అక్కకి ఇవాళ ఎవరి కథా నచ్చలేదల్లే ఉంది చెల్లెమ్మా!" అంటూ కప్పు చాపేవాళ్లు. ఆమె తలొంచుకుని టీ పోసేది. నాలుగో తరగతి దాటని మనిషి, నలుగురిలో నోరెత్తి ఎరగదు.

అలా ఉండగా, ఒక శనివారం చివర పోస్టుమాన్ చేతులు రుద్దుకుంటూ చెప్పాడు. "వచ్చే నెల మన మేస్త్రీగారు వేడిగది కథ చెబుతారు. అప్పుడు అక్కడున్న పెద్దమనిషి. మీ ఇష్టం, పిల్లల్ని తెచ్చుకుంటారో ఇంట్లో పెట్టి వస్తారో!"

చెల్లెమ్మ చేతిలో కప్పు ఆగిపోయింది.

వీధిలో ఎవరేమన్నా అది పుకారు. కానీ ఈ హాల్లో ఆ బల్బు కింద నిలబడి చెప్పింది మాత్రం జరిగింది. పెట్టుకున్న షరతే అది. మేస్త్రీగారు అక్కడ నిలబడి "నిద్రపోయింది" అన్నారంటే... ఇక అక్క నిద్రపోయినట్టే. ఈ పిల్లలకీ, వీళ్ల పిల్లలకీ కూడా.

ఆ నెలంతా చెల్లెమ్మ మాటలు కూడగట్టుకుంది. గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ తనలో తనే చెప్పుకుంది. ప్రతిసారీ ఒకచోటికి వచ్చేసరికి మాట ఆగిపోయేది. మళ్లీ మొదటినుంచి. మళ్లీ అక్కడే...

శనివారం వచ్చింది. హాలు కిటకిటలాడింది. దీపాలు ఆర్పబోతుంటే చెల్లెమ్మ వెళ్లి పోస్టుమాన్ పక్కన నిలబడింది.

"మొదటి వంతు నాకివ్వండన్నా."

"ఏంటమ్మా? టీ అయిపోయిందా?"

"టీ కాదన్నా... వంతు. నాకు వంతు కావాలి."

చివరి బెంచీమీంచి మేస్త్రీగారు గట్టిగా నవ్వారు. "ఓహో, చెల్లెమ్మ కథ చెబుతుందట! దుప్పటి మడతెట్టడం ఎలాగో చెబుతుందేమో, వినండర్రా!"

కొందరు నవ్వారు. చెల్లెమ్మ చెవులు ఎర్రబడ్డాయి. అయినా వెనక్కి తగ్గలేదు.

"అవును మేస్త్రీగారూ. అక్కడినుంచే మొదలెడతా."

దీపాలు ఆరిపోయాయి. ఒక్క బల్బు. కింద చెల్లెమ్మ.

"పెద్ద దుప్పటి మడతకి ఇద్దరు కావాలి," అంది. "చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా నడిచొస్తాం. దగ్గరికొచ్చినప్పుడల్లా మా అక్క నా ముక్కు మీద ఉఫ్ అని ఊదేది. ఆరోజు ఇస్త్రీ రోలరు మీద నా చెయ్యి కాలింది. నీ వాటా దుప్పట్లు కూడా నేను ఆరేస్తాలే, వెళ్లి గేటు దగ్గర కూర్చో అంది. కూర్చున్నా. చీకటిపడింది... రాలేదు. మళ్లీ లోపలికొచ్చా."

అప్పుడు కాలిన చోట చెయ్యి తడుముకుంది.

"మేస్త్రీగారు అప్పుడే వేడిగది గొళ్లెం పెడుతున్నారు. ఆ తలుపుకి ఆ రోగం ఉంది, గొళ్లెం పెట్టకపోతే తెరుచుకుని ఆవిరంతా పోతుంది. అక్కేదండీ అన్నా. ఎప్పుడో వెళ్లిపోయింది అన్నారు."

చివరి బెంచీ దగ్గర చేతికర్ర నేలకి తగిలిన చప్పుడు.

"అప్పుడు..."

ఆ చోటే అది. ఎదురుగా అంతా చీకటి, ఒక్క మొహం కనబడదు. చెల్లెమ్మ తన చేతులు రెండూ ఒకదాంతో ఒకటి గట్టిగా పట్టుకుంది.

"అప్పుడు తలుపు లోపల... టక్ టక్ మంది. అదేంటండీ అన్నా. గొట్టాలు అన్నారు. వేడెక్కితే గొట్టాలు కొట్టుకుంటాయి, నిజమే. కానీ మూడేళ్లు విన్నా నేను ఆ చప్పుడు. ఇది అది కాదు. కాదని నాకు తెలిసింది... తెలిసీ, ఆయనకి ఎదురు చెప్పే ధైర్యం లేక, మా పిన్ని ఇంటికి వెళ్లుంటుందిలే అని సర్దిచెప్పుకుని... వచ్చేశా."



అప్పుడు చీకట్లోంచి, వేడిగది వైపునుంచి...

"ఊఁ..."

ఒక్కసారిగా గోల. పిల్లలు తల్లుల ఒళ్లో దూరారు. ఎవరో కప్పు తన్నేశారు. డ్రైవరు ఒక కాలు గుమ్మం బయటా ఒక కాలు లోపలా పెట్టి నిలబడ్డాడు.

"కూర్చోండి!"

అన్నది చెల్లెమ్మ. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది.

"దెయ్యమైతే అది మా అక్క. మా అక్కంటే నాకు భయమేంటి? భయమేసేవాళ్లు పోండి. నేను మాత్రం పూర్తిచేసేదాకా కదల్ను."

ఒక్కరూ పోలేదని ఆరోజు అక్కడున్నవాళ్లు ఇప్పటికీ చెబుతారు. డ్రైవరు కూడా రెండో కాలు లోపలికే పెట్టాడు.

"పొద్దున తలుపు తీస్తే అక్క గడప దగ్గరే పడి ఉంది. పిడికిళ్లు రెండూ కమిలిపోయి ఉన్నాయి. నిద్రపోయే మనిషి పిడికిళ్లు అలా ఉంటాయా? నిద్రపోయింది అని ఒక కాగితం రాసి నాతో సంతకం పెట్టించారు. పెట్టా. నేను నేర్చిన నాలుగక్షరాలూ అందుకే పనికొచ్చాయి. తెలిసీ వచ్చేసినదాన్ని, ఏ మొహం పెట్టుకుని కాదంటాను? నా తప్పు బయటపడుతుందని ఇన్నేళ్లూ నోరు మూసుకున్నా. ఇవాళ నా తప్పు నేనే చెప్పేశా. ఇక నన్ను దేంతో బెదిరిస్తారు?"

ఊపిరి తీసుకుంది.

"మా అక్క నిద్రపోలేదు. ఎవడికోసమూ కాచుకోలేదు. నా పని చేస్తూ పోయింది. ఇకమీదట ఇంకో రకంగా చెప్పేవాళ్లు నా మొహం చూసి చెప్పండి."

"ఊఁ."

మేస్త్రీగారు కర్ర పట్టుకుని లేచారు. "చాల్చాల్లే! ఎవణ్ణో సందులో దాచిపెట్టి ఊఁ కొట్టిస్తూ, పెద్దవాణ్ణి పట్టుకుని నాటకాలా? సిగ్గులేదూ?"

"సిగ్గే నన్ను ఇన్నాళ్లూ తినేసింది మేస్త్రీగారూ," అంది చెల్లెమ్మ. "దెయ్యమో మనిషో, చూద్దాం పదండి."

గోడ దగ్గరికెళ్లి స్విచ్చులన్నీ వేసింది. జనం మధ్యలోంచి నేరుగా హాలు చివరికి నడిచింది. ఇనపతలుపు గొళ్లెం మీద చెయ్యి వేసింది. చల్లగా తగిలింది. ఇరవై ఆరేళ్లుగా ఆ గొళ్లెం ముట్టుకోలేదు ఆమె.

లాగింది. తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది...

లోపల ఎవరూ లేరు. తుప్పు పట్టిన గొట్టాలు. దుమ్ము. బూజు.

"అక్కా," అంది మెల్లిగా. "చెప్పేశానే."

"ఊఁ..."

చెవి పక్కనే!

గిర్రున తిరిగింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. అందరి నోళ్లూ మూసే ఉన్నాయి.

నోళ్లు మూసే ఉన్నాయి... అయితే ఏం? ఊఁ అనడానికి నోరు తెరవాలా? పెదాలు అతికించుకునే అనొచ్చు. ఇన్ని నెలలుగా ఇంతమందిలో ఒక్కరికీ ఆ ముక్క తట్టలేదు.

చెల్లెమ్మ చూపు చివరి బెంచీ మీద ఆగింది. మేస్త్రీగారి భార్య. పెదాలు బిగించి ఉన్నాయి. గొంతు మాత్రం ఇంకా కదులుతోంది.

"అమ్మగారూ... మీరా?"

ముసలామె బెంచీ పట్టుకుని లేచింది. నోరు తెరిచింది. మొదట గాలే వచ్చింది, మాట రాలేదు. తరవాత వచ్చింది. బొంగురుగా, ఏళ్లతరబడి వాడని గొంతు.

"ఆ రాత్రి ఈయన కంచం ముందు కూర్చుని ఒక్క ముద్ద ముట్టలేదు. పడుకున్నారు. మళ్లీ లేచి కూర్చుని, లోపల ఎవరో కొట్టినట్టుందే అన్నారు. వెళ్లి చూసి రండి అన్నా. పొద్దున చూద్దాంలే అని అటు తిరిగారు."

ఆగింది. బెంచీని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నేనూ పడుకున్నా."

మేస్త్రీగారి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మతిపోయింది దీనికి," అన్నారు ఎవరి వైపూ చూడకుండా. ఆమె రెక్క పట్టుకున్నారు. "పద. ఇంటికి పద."

ముసలామె ఆ చెయ్యి విడిపించుకుంది. ఒక్కో అడుగూ వేసుకుంటూ బల్బు కిందికి నడిచింది. చెల్లెమ్మ వెనకే వెళ్లి, కుర్చీ లాగి వేసింది. ఆమె కూర్చోలేదు. అక్కడే నిలబడి, మొగుడి మొహంలోకి సూటిగా చూసింది.

"మీరు వెళ్లండి. నాకింకా చెప్పేదుంది. వెళ్తూ వీధి తలుపు దగ్గరగా వెయ్యండి..."

వేడిగది తలుపు వైపు ఒకసారి చూసి అంది.

"గొళ్లెం మాత్రం పెట్టకండి."